రష్యన్ సంగీతం వినాలంటే ముందు పుష్కిన్‌ని చదవండి

రష్యన్ శాస్త్రీయ సంగీతం ఎక్కణ్ణించి మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను సింఫనీల పేర్లు చెప్పను. రష్యన్ కవి పుష్కిన్ రాసిన ఇరవై నాలుగు పంక్తుల కవిత ఒకటి చేతిలో పెడతాను. ముందు ఇది చదవండి, తర్వాత దీనికి కట్టిన పాట వినండి, మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం అంటాను. చైకోవ్‌స్కీ పియానో కాన్సర్టోతోనో, రహ్మానినోవ్‌తోనో మొదలుపెట్టిన చాలామంది కొన్నాళ్లకి "వినడానికి బాగానే ఉంది, లోపల ఏం జరుగుతోందో మాత్రం తెలియడం లేదు" అంటూ ఆగిపోవడం చూశాను. ఆ సంగీతం చెప్పే సంగతిలో సగం పుస్తకాల్లో ఉంది. పుస్తకం తెరవనివాళ్లకి ఆ సగం అందదు.

దీనికి కారణం రష్యా చరిత్రలోనే ఉంది. ఆ దేశంలో 1862 దాకా కన్సర్వేటరీ, అంటే సంగీత కళాశాల, అనేదే లేదు. ఆ ఏడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకటి, 1866లో మాస్కోలో ఒకటి వచ్చాయి. అంతకుముందే కాదు, ఆ తర్వాత కూడా చాలాకాలం సంగీతం రాసినవాళ్లకి వేరే ఉద్యోగాలు ఉండేవి. ముస్సోర్గ్‌స్కీ మొదట సైన్యంలో అధికారి, తర్వాత ప్రభుత్వ గుమాస్తా. రిమ్‌స్కీ-కోర్సకోవ్ నౌకాదళంలో పనిచేశాడు. బొరొదీన్ రసాయన శాస్త్రవేత్త. చైకోవ్‌స్కీ లా చదివి, న్యాయశాఖలో కొలువు చేసి, అక్కణ్ణించి కన్సర్వేటరీకి వచ్చాడు. వీళ్లూ రచయితలూ ఒకే ఇళ్లల్లో సాయంత్రాలు కలిసేవాళ్లు, ఒకే పత్రికలు చదివేవాళ్లు, ఒకే సెన్సారు కింద బతికేవాళ్లు. అందుకే అక్కడ ఒక కవితకి సంగీతం కట్టడమంటే ఆ కవితమీద అందరిముందూ ఒక అభిప్రాయం చెప్పడం.

నా పద్ధతి చెప్తాను. రచన చదవండి. సంగీతం వినండి. తర్వాత, రచయిత అన్న మాటని సంగీతకారుడు ఎక్కడ ఒప్పుకోలేదో వెతకండి. ఎక్కడ ఒక పంక్తి తీసేశాడు, ఎక్కడ ముగింపు మార్చాడు, కవి నవ్విన చోట తను ఎక్కడ ఏడ్చాడు. ఆ తేడా దొరికిన చోటే సంగీతం నోరు విప్పుతుంది.

ముందు ఒక చిన్న పాట

పియానో తోడుతో ఒకరే పాడే ఇలాంటి పాటని రష్యాలో రోమాన్స్ అంటారు. మొదలుపెట్టడానికి గ్లింకా కట్టిన "ఆ అద్భుత క్షణం నాకు గుర్తుంది" కన్నా మంచిది నాకు తెలియదు. పుష్కిన్ ఈ కవిత 1825లో రాశాడు. అప్పటికి అతన్ని ప్రభుత్వం రాజధానికి దూరంగా మిహైలోవ్‌స్కొయేలోని తల్లి ఎస్టేటులో ఉంచింది. పక్క ఎస్టేటుకి చుట్టపుచూపుగా వచ్చిన అన్నా కేర్న్ తిరిగి వెళ్లిపోయే రోజున, తన పద్యనవల ఒనేగిన్ అధ్యాయం ఒకదాని ప్రతిలో ఈ కవిత కాగితం పెట్టి ఇచ్చాడు. పదిహేనేళ్లు గడిచాక, పుష్కిన్ చనిపోయిన మూడేళ్లకి, గ్లింకా అదే కవితకి సంగీతం కట్టాడు. ఎవరి కోసమంటే అన్నా కేర్న్ కూతురు యెకతెరీనా కోసం. తల్లికి రాసిన కవిత కూతురి కోసం పాటయింది.

ముందు కవిత చదవండి. నాలుగు పంక్తుల చరణాలు ఆరు. మొదటి రెండు చరణాల్లో ఆమె కనిపించిన క్షణం, మూడు నాలుగు చరణాల్లో గడిచిన ఏళ్లు, తుపానులు, మరుపు, చివరి రెండింట్లో ఆమె మళ్లీ కనిపించడం. నాలుగో చరణం చివర పుష్కిన్ "దైవం లేక, ప్రేరణ లేక, కన్నీళ్లు లేక, బతుకు లేక, ప్రేమ లేక" అని వరసగా లెక్కపెడతాడు. ఆరో చరణంలో అవన్నీ ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. ఈ రెండు చోట్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

రష్యన్ లిపి రాకపోయినా మొదటి పంక్తిని తెలుగులో రాసి ఎదురుగా పెట్టుకోండి: యా పోమ్న్యూ చూద్నయె మ్గ్నవేన్యె. పాటలో మనం ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఇలాంటి ఆనవాళ్లు నాలుగైదు చాలు. భాష నేర్చుకునేదాకా ఆగక్కర్లేదు. అనువాదం మాత్రం ఛందస్సుకోసం సర్దుబాట్లు చేసినది కాకుండా, మాటకి మాటగా ఉన్న వచన అనువాదం తీసుకోండి. పాడేవాళ్లు ఏ మాటమీద నిలబడ్డారో తెలియాలంటే అదే కావాలి.

ఇప్పుడు వినండి. మొదటి రెండు చరణాలు ఒక ప్రశాంతమైన బాణీలో సాగుతాయి. "ఏళ్లు గడిచాయి" అన్న దగ్గర పియానో కలవరపడుతుంది, గొంతు బాణీ విడిచి దాదాపు మాట్లాడినట్టు సాగుతుంది, "లేక, లేక" అన్న వరస దగ్గర రంగు చీకటవుతుంది. అయిదో చరణంలో మొదటి బాణీ తిరిగొస్తుంది. గొంతు పాడేది ఇంచుమించు అదే. కింద పియానో మాత్రం మునుపటిలా లేదు, వేళ్లు వేగం అందుకున్నాయి. "గుండె పారవశ్యంతో కొట్టుకుంటోంది" అన్న మాటని గ్లింకా గొంతుకి కాకుండా పియానోకి అప్పగించాడు. జ్ఞాపకం అదే, మనిషి మాత్రం ఇప్పుడు వేరు. పుష్కిన్ అదే మాటల్ని మళ్లీ చెప్పి సాధించినదాన్ని, గ్లింకా పైన ఏమీ మార్చకుండా కింద మార్చి సాధించాడు.

ఇద్దరు ముగ్గురు వేర్వేరు గాయకుల గొంతుల్లో ఇదే పాట వినండి. మూడు నాలుగు నిమిషాల పాటే కాబట్టి తొందరేమీ ఉండదు. పియానో వేగం మారే చోటు మీ అంతట మీరు పట్టుకున్నాక ఒపెరాకి వెళ్లొచ్చు.

ఒనేగిన్ దగ్గర ఎక్కువసేపు ఆగండి

పుష్కిన్ పద్యనవల "యెవ్‌గేనీ ఒనేగిన్" అధ్యాయాలవారీగా అచ్చవుతూ వచ్చి 1833లో ఒకే పుస్తకంగా వెలువడింది. చైకోవ్‌స్కీ ఒపెరాని 1879 మార్చిలో మాస్కో మాలీ థియేటర్లో కన్సర్వేటరీ విద్యార్థులు మొదటిసారి ఆడారు. నికొలాయ్ రూబిన్‌స్టైన్ నడిపించాడు. పేరుమోసిన గాయకుల చేతికి కాకుండా పిల్లల చేతికి ఇవ్వాలన్నది చైకోవ్‌స్కీ కోరికే. దీన్ని ఆయన ఒపెరా అనలేదు, "భావగీత దృశ్యాలు" అన్నాడు.

కథ తెలిసిందే. పల్లెలో పెరిగిన తత్యానా, పీటర్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఒనేగిన్‌ని ప్రేమించి ఉత్తరం రాస్తుంది. అతను మర్యాదగా బుద్ధులు చెప్పి తిప్పికొడతాడు. చిన్న పట్టింపు పెరిగి, స్నేహితుడైన యువకవి లేన్‌స్కీని ద్వంద్వయుద్ధంలో చంపుతాడు. ఏళ్ల తర్వాత, పెళ్లయి పెద్దింటి ఇల్లాలైన తత్యానాని చూసి ఇతను ప్రేమలో పడతాడు. ఆమె ఇంకా ప్రేమిస్తున్నానని ఒప్పుకుంటూనే కాదంటుంది.

నవల చదివేటప్పుడు ఒక మనిషిని మరిచిపోకండి: కథ చెప్పేవాడు. పుష్కిన్ నవలలో అందరికన్నా పెద్ద పాత్ర అతనే. మధ్యలో ఆగి కబుర్లు చెప్తాడు, పాత్రల్ని ఆటపట్టిస్తాడు, సాహిత్యంలోని ఫ్యాషన్లని వెక్కిరిస్తాడు. ఒపెరాలో అతనికి చోటు లేదు. చైకోవ్‌స్కీ అతన్ని తీసేసి, ఆ ఖాళీలో ఆర్కెస్ట్రాని పెట్టాడు. ఆ ఆర్కెస్ట్రా ఎవర్నీ వెక్కిరించదు. నవలకీ ఒపెరాకీ ఉన్న తేడాలన్నీ ఈ ఒక్క మార్పులోంచి పుట్టినవే అని నా నమ్మకం.

ఇది రుజువు చేసుకోవడానికి ఆరో అధ్యాయం తీయండి. ద్వంద్వయుద్ధానికి ముందురాత్రి లేన్‌స్కీ కూర్చుని కవిత రాస్తాడు. "నా వసంతకాలపు బంగారు రోజులారా, ఎక్కడికి వెళ్లిపోయారు" అని మొదలవుతుంది. ఆ కవిత ఇచ్చేముందే పుష్కిన్, ఇవి ప్రేమ పిచ్చిమాటలతో నిండిన పద్యాలు అని చెప్పేస్తాడు. ఇచ్చాక, ఇలా మసకగా నీరసంగా రాసేవాడు, దీన్నే మనం రొమాంటిసిజం అంటాం అని ఇంకో పోటు పొడుస్తాడు. అప్పటి కుర్రకవులు వాడి వాడి అరగదీసిన మాటల్ని ఏరి కూర్చిన పేరడీ అది.

ఇప్పుడు అదే కవితని చైకోవ్‌స్కీ దగ్గర వినండి. మంచు కప్పిన తెల్లవారుజాము, ఏటి ఒడ్డున మర, ప్రత్యర్థి ఇంకా రాలేదు. లేన్‌స్కీ ఒంటరిగా పాడతాడు: కుదా, కుదా, కుదా వీ ఉదలీలిస్. మాటలు చాలావరకు పుష్కిన్‌వే. వెక్కిరింపు మాత్రం లేదు. టెనర్ అనే మగవాళ్ల పై స్థాయి గొంతుకి రష్యన్ ఒపెరాలో ఇంతకన్నా పేరున్న ఘట్టం లేదు. బల్షోయ్ థియేటర్ గాయకులు లేమెషెవ్, కజ్లోవ్‌స్కీ ఇద్దరి రికార్డింగులూ దొరుకుతాయి. రెండూ వినండి, ఎవరు "కుదా" అన్న మాటని ఎలా వదులుతున్నారో గమనించండి.

పేరడీ విషాదం ఎలా అయింది? ఆ అధ్యాయం 1828లో అచ్చయింది. 1837లో పుష్కిన్ తానే ద్వంద్వయుద్ధంలో తగిలిన గాయంతో చనిపోయాడు. 1841లో లేర్మొంతొవ్ అలాగే పోయాడు. 1879 నాటికి తుపాకీ ముందు నిలబడ్డ యువకవిని చూసి రష్యాలో ఎవరికి నవ్వొస్తుంది? పుష్కిన్‌ని చైకోవ్‌స్కీ సరిగా చదవలేదని కొందరు సాహిత్య పండితులు ఇప్పటికీ కోప్పడతారు. నేను ఒప్పుకోను. ఆయన పుష్కిన్‌ని పుష్కిన్ చావుతో కలిపి చదివాడు.

రెండో రుజువు ఎనిమిదో అధ్యాయంలో ఉంది. "అన్ని వయసులూ ప్రేమకి లొంగేవే" అని పుష్కిన్ మొదలుపెట్టి, ఆ తుపాను కుర్రవాళ్ల గుండెలకి వానలా మేలు చేస్తుందిగానీ వయసు మళ్లినవాళ్లలో మిగిల్చేది విచారమే అని తేలుస్తాడు. ఒపెరాలో ఆ మొదటి పంక్తిని తత్యానా భర్త గ్రేమిన్ పాడతాడు. ఈ గ్రేమిన్ అనే పేరు కూడా ఒపెరా పెట్టిందే, నవలలో ఆయనకి పేరులేదు. తల నెరిసిన యోధుడికీ ప్రేమ మేలే చేస్తుందని ఆయన నింపాదిగా, నిండుగా పాడతాడు. పుష్కిన్ వాక్యాన్ని తిరగేసి నిలబెట్టారు. దాంతో తత్యానా చివర్లో వదులుకోలేకపోయింది ఉత్త కర్తవ్యం కాదనీ, ఒక మంచి మనిషి అనీ మనకి తెలుస్తుంది. బాస్ అనే మగవాళ్ల అడుగు స్థాయి గొంతుతో పాడే ఆ ఒక్క పాట మూడో అంకం బరువంతా మార్చేస్తుంది.

ఒపెరా మొత్తం ఒకేసారి కూర్చుని వినకండి. ముందు ఉత్తరం దృశ్యం ఒక్కటే వినండి. చైకోవ్‌స్కీ రాయడం కూడా దానితోనే మొదలుపెట్టాడు. పన్నెండు నిమిషాల చిల్లర ఉంటుంది. దాది వెళ్లిపోయాక తత్యానా ఒక్కతే మిగులుతుంది. పుస్కాయ్ పగీబ్ను యా, నేను నాశనమైపోయినా సరే, అంటూ బాణీ ఉవ్వెత్తున లేస్తుంది. తర్వాత ఆమె రాయడానికి కూర్చుంటుంది. గొంతు ఆగిపోతుంది. ఓబో అనే ఊదే వాద్యం ఒక చిన్న వరస పట్టుకుని పైనుంచి కిందికి దిగుతుంది, ఫ్లూటూ క్లారినెట్టూ హార్నూ హార్పూ బదులిస్తాయి. కలం కాగితంమీద నడుస్తున్నంతసేపూ అదే. చించేస్తుంది, మళ్లీ రాస్తుంది. "నువ్వెవరు, నన్ను కాచే దేవదూతవా" అన్న చోట బాణీ మళ్లీ పైనుంచి మెట్లు దిగుతున్నట్టు వస్తుంది. ఆ దిగే వరసని నోటితో అనుకుని పెట్టుకోండి. లేన్‌స్కీ "రాబోయే రోజు నాకేం దాచి ఉంచింది" అని పాడేటప్పుడు దాని తోబుట్టువు వినిపిస్తుంది. ఎప్పుడూ ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోని ఈ ఇద్దర్నీ చైకోవ్‌స్కీ బాణీతో కలిపాడు.

తర్వాత మూడో అంకంలో విందు దృశ్యం చివరికి వెళ్లండి. తత్యానాని గుర్తుపట్టిన ఒనేగిన్ ప్రేమలో పడ్డానని పాడుతూ ఒక్కసారిగా "పుస్కాయ్ పగీబ్ను యా" అంటాడు. తత్యానా ఆ రాత్రి పాడిన మాటలే, ఆమె బాణీయే. అతనికి తనదంటూ ఒక ప్రేమగీతం లేదు. ఆమె దగ్గర ఏళ్లకిందట వద్దన్నది ఇప్పుడు తనే అరువు తెచ్చుకున్నాడు. ఉత్తరం దృశ్యం ముందు వినమన్నది ఇందుకే. అది చెవిలో ఉంటేనే ఇక్కడ గుండె జల్లుమంటుంది. ఈ మాట పుష్కిన్ ఎక్కడా చెప్పలేదు, సంగీతం మాత్రమే చెప్పగలిగింది.

ఒక జాగ్రత్త. 1877లో ఈ ఒపెరా రాస్తున్న రోజుల్లోనే అంతోనినా మిల్యుకోవా చైకోవ్‌స్కీకి ప్రేమలేఖ రాయడం, ఆయన ఒనేగిన్‌లా తిప్పికొట్టకూడదనుకుని పెళ్లికి ఒప్పుకోవడం, కొన్ని వారాలకే ఆ కాపురం కూలిపోవడం నిజం. ఈ కథ ఆకట్టుకుంటుంది కాబట్టి దాంతోనే మొదలుపెడతారు చాలామంది. నేనయితే బాణీలు చెవికెక్కాకే చదవమంటాను. లేకపోతే తత్యానా బదులు మిల్యుకోవానే వింటూ కూర్చుంటాం.

ఇస్పేటు రాణి

ఇదీ పుష్కిన్‌దే, 1834లో అచ్చయిన కథ. గంటలో చదివేయొచ్చు. కథలో హెర్మన్‌కి కావలసింది పేకాటలో గెలిపించే ముక్కల రహస్యం, లీజా అనే అమ్మాయి దానికి దారి మాత్రమే. చివరికి అతను ఒబూహొవ్ ఆసుపత్రి పదిహేడో నంబరు గదిలో "మూడు, ఏడు, ఆసు! మూడు, ఏడు, రాణి!" అని గొణుక్కుంటూ ఉంటాడు, లీజా ఎవర్నో పెళ్లి చేసుకుని సుఖంగా ఉంటుంది. 1890 నాటి చైకోవ్‌స్కీ ఒపెరాకి తమ్ముడు మదేస్త్ రాసిన లిబ్రెట్టోలో, అంటే ఒపెరా మాటల్లో, లీజా కాలవలో దూకుతుంది, హెర్మన్ పొడుచుకుని చనిపోతాడు. పుష్కిన్ చల్లని చేత్తో రాసినదాన్ని చైకోవ్‌స్కీ ఫ్లోరెన్స్‌లో కూర్చుని నలభై నాలుగు రోజుల్లో మండించాడు. హెర్మన్ చావు రాస్తూ ఏడ్చేశానని తమ్ముడికి ఉత్తరం రాశాడు కూడా.

ఇందులో ఒక్క చోటు వెతకండి. విందు దృశ్యం చివర మహారాణి యెకతెరీనా వస్తోందని అందరూ వంగి బృందగానం అందుకుంటారు, ఆమె కనిపించకముందే తెర పడుతుంది. రొమానొవ్ వంశపు పాలకుల్ని ఒపెరా రంగస్థలం మీద చూపించకూడదన్నది అప్పటి నిబంధన. అది తెలియకపోతే ఆ ముగింపు అర్ధంతరంగా అనిపిస్తుంది.

బరీస్ గొదునోవ్: ఏ ప్రతి వింటున్నారో చూసుకోండి

పుష్కిన్ నాటకం 1825లో పూర్తయింది, సెన్సారు దాటి అచ్చయ్యేసరికి 1831. రాకుమారుణ్ణి చంపించి గద్దెనెక్కాడన్న నింద మోస్తున్న బరీస్, చచ్చిపోయిన ఆ రాకుమారుణ్ణి నేనే అంటూ వచ్చే మాయగాడు, మధ్యలో జనం. నాటకం చివరి మాట రంగసూచన: ప్రజలు మౌనంగా ఉంటారు. మాయగాడికి జేజేలు కొట్టమంటే జనం నోరు మెదపరు. పుష్కిన్ రాతప్రతిలో జనం జేజేలు కొట్టారు, అచ్చుప్రతిలో మౌనం వచ్చింది. రష్యన్ సాహిత్యంలో దీనిమీద జరిగినంత చర్చ ఇంకే రంగసూచనమీదా జరగలేదేమో.

ముస్సోర్గ్‌స్కీ ముందు ఇదే సమస్య: ఒపెరాలో మౌనాన్ని ఎలా పాడించాలి? 1869లో పూర్తిచేసిన మొదటి ప్రతిని బరీస్ చావుతో ముగించాడు. రాజరిక థియేటర్లవాళ్లు తిప్పి పంపారు. 1872లో తిరగరాసిన ప్రతి 1874లో మరీన్‌స్కీ థియేటర్లో తెరకెక్కింది. ఇందులో జనం మౌనంగా లేరు, అడవిలో తిరుగుబాటు చేసి మాయగాడి వెంట ఊగిపోతూ వెళ్లిపోతారు. రంగస్థలం మీద ఒక్క పిచ్చి సన్యాసి మిగిలి, ఏడవండి రష్యా ప్రజలారా, ఆకలిగొన్న ప్రజలారా అని పాడతాడు. పుష్కిన్ దగ్గర జనానికి మాట రాలేదు. ముస్సోర్గ్‌స్కీ దగ్గర జనం అరిచి అరిచి వెళ్లిపోయాక వాళ్ల తరఫున ఒక పిచ్చివాడు మాట్లాడాడు.

ఆ తర్వాత రిమ్‌స్కీ-కోర్సకోవ్ వాద్యాలన్నీ మెరుగుపెట్టి, దృశ్యాల వరస మార్చి, బరీస్ చావునే చివర పెట్టాడు. దశాబ్దాల తరబడి ప్రపంచం విన్నది ఆ ప్రతినే. బాస్ గాయకుడు షల్యాపిన్ పాత రికార్డింగులు ఆ సంప్రదాయంలోవే. కాబట్టి రికార్డింగు ఎంచుకునేముందు అట్టమీద 1869 అనుందా, 1872 అనుందా, రిమ్‌స్కీ-కోర్సకోవ్ పేరుందా చూడండి. నా సలహా 1872 ప్రతి.

పట్టాభిషేకం గంటల్ని తప్పకుండా వినండి. రెండే స్వరాల గుచ్ఛాలు, అటూ ఇటూ ఊగుతుంటాయి. రెండింట్లోనూ రెండు స్వరాలు ఉమ్మడిగా ఉంటాయి, మిగతావి పొసగవు. అందుకే అది పండగలానూ ఉంటుంది, కాళ్లకింద నేల కదులుతున్నట్టూ ఉంటుంది. పీమెన్ అనే ముసలి సన్యాసి చరిత్ర రాసుకునే గది దృశ్యం మొదట్లో కింది స్థాయి తీగవాద్యాలు ఆగకుండా తిరిగే సన్నని వరస వాయిస్తాయి. అది కలం నడక. తత్యానా ఓబో పక్కన దీన్ని పెట్టి వినండి. ఒకటి గుండె చప్పుడుతో రాసే రాత, రెండోది ప్రభువులు పోయాక కూడా సాగే రాత.

వచనానికి కట్టిన సంగీతం

కవితల నుంచి వచనానికి వెళ్తే చెవి పని మారుతుంది. ముస్సోర్గ్‌స్కీ 1868లో గొగోల్ నాటకం "పెళ్లి"ని ఒక్క మాట పద్యం చేయకుండా ఉన్నదున్నట్టు పాటలోకి తెచ్చే ప్రయత్నం చేసి ఒక అంకంతో ఆగాడు. షోస్తకోవిచ్ గొగోల్ "ముక్కు" కథని ఒపెరా చేశాడు, 1930లో లెనిన్‌గ్రాద్‌లో ఆడారు. ఈ రెండింటినీ బాణీకోసం వినకండి, మాట్లాడే తీరుకోసం వినండి.

లెస్కోవ్ "మ్ట్సేన్‌స్క్ లేడీ మాక్‌బెత్" మాత్రం కథా ఒపెరా పక్కపక్కన పెట్టాల్సినవి. 1865 నాటి కథలో కతెరీనా చేసే హత్యల్లో ఒకటి పసివాడిది, భర్తకి బంధువు, ఆస్తికి వారసుడు. షోస్తకోవిచ్ ఆ హత్యని తీసేశాడు. ఆ ఒక్క కోతతో హంతకురాలు మనం జాలిపడే మనిషి అయింది. 1934లో మొదటి ప్రదర్శన, రెండేళ్లు జనం విరగబడి చూశారు. 1936 జనవరి 26న స్తాలిన్ వచ్చి చూశాడు, 28న ప్రావ్దా పత్రికలో సంతకం లేని సంపాదకీయం వచ్చింది: ఇది సంగీతం కాదు, గందరగోళం. అప్పట్లో ఆ మాట ప్రాణాంతకం.

మాటల్లేని సింఫనీలో దాగిన కవిత

ఇక్కడిదాకా వచ్చినవాళ్లకి షోస్తకోవిచ్ అయిదో సింఫనీ వినే అర్హత వచ్చినట్టే. దయచేసి సింఫనీ కన్నా ముందు ఒక చిన్న పాట వినండి: పుష్కిన్ 1819లో రాసిన "పునర్జన్మ" కవితకి షోస్తకోవిచ్ కట్టిన రోమాన్స్. బాస్ గొంతు, పియానో, మూడు నిమిషాలు కూడా పట్టదు. కవిత పన్నెండు పంక్తులు. ఒక అనాగరిక చిత్రకారుడు నిద్రమత్తు కుంచెతో మహాప్రతిభావంతుడి చిత్రంమీద నల్లగా పులిమి, తన పిచ్చిగీతలు గీస్తాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పరాయి రంగులు పొలుసుల్లా రాలిపోతాయి, అసలు చిత్రం మునుపటి అందంతో బయటపడుతుంది. అలాగే నా నలిగిన మనసులోంచి భ్రమలు తొలగి తొలినాళ్ల స్వచ్ఛమైన దర్శనాలు లేస్తాయి, అంటాడు కవి.

ఈ పాట రాసింది 1936లో, ప్రావ్దా దాడి జరిగిన ఏడు. అదే ఏడు డిసెంబరులో నాలుగో సింఫనీని రిహార్సల్స్ మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు, అది ఇంకో పాతికేళ్ల దాకా వినపడలేదు. 1937 పుష్కిన్ శతవర్ధంతి సంవత్సరం, దేశమంతా అధికారికంగా ఉత్సవాలు. కాబట్టి పుష్కిన్ కవితకి పాట కట్టడంలో ఎవరూ వేలెత్తి చూపగలిగేదేమీ లేదు.

పాటలో "అనాగరిక చిత్రకారుడు" అన్న మాటల దగ్గర గొంతు పాడే మొదటి నాలుగు స్వరాల్ని పట్టుకోండి. ఒకటి కింద, తర్వాత మూడు వరసగా పైకి. నాలుగైదు సార్లు విని నోటితో అనండి. ఇప్పుడు సింఫనీ నాలుగో భాగం పెట్టండి. డప్పుల మోత మీద ట్రంపెట్లూ ట్రాంబోన్లూ గర్జిస్తూ అందుకునేది ఆ నాలుగు స్వరాలనే. కవాతులా, విజయంలా వినిపిస్తుంది. పాట తెలిసినవాళ్లకి మాత్రం అక్కడ కుంచె పట్టుకున్న అనాగరికుడు కనిపిస్తాడు.

ఆగకుండా వినండి. ఆ ఆర్భాటమంతా సద్దుమణిగాక ఒక నిదానమైన చోటు వస్తుంది. తీగవాద్యాలు మెల్లగా ఊగుతుంటాయి, ఆ ఊగే వరసని హార్ప్ అందుకుంటుంది. పాటలో చివరి నాలుగు పంక్తుల కింద, భ్రమలు తొలగిపోయే చోట, పియానో వాయించింది దాదాపు ఇదే. మాట లేదు, గొంతు లేదు, తోడు వాద్యం మాత్రం మిగిలింది. తర్వాత మళ్లీ డప్పులు, ఆ పెద్ద ముగింపు.

1937 నవంబరు 21న లెనిన్‌గ్రాద్‌లో మ్రవీన్‌స్కీ మొదటిసారి ఈ సింఫనీని నడిపించినప్పుడు జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు, లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ పాటని అప్పటికి కచేరీలో ఎవరూ పాడలేదు, అందుకని హాల్లో ఉన్నవాళ్లకి ఈ సంకేతం తెలిసే వీలు లేదు. న్యాయమైన విమర్శకి సోవియట్ కళాకారుడి జవాబు అని ఒక విలేఖరి పెట్టిన పేరు దానికి అంటుకుపోయింది. ముగింపు నిజమైన సంతోషమా, బలవంతపు సంతోషమా అని వాదించుకోవడం ఇంకా ఆగలేదు. ఆ వాదనలోకి దిగేముందు పాట, సింఫనీ వెంటవెంటనే వినమని నా ప్రార్థన. షోస్తకోవిచ్ తన చేత్తో రాసి పెట్టిన సాక్ష్యం అది, ఆ తర్వాత ఎవరో చెప్పిన మాటల కన్నా గట్టిది.

కొన్ని పనికొచ్చే సంగతులు

ఒకే ప్రదర్శనకి రెండు తేదీలు కనిపిస్తే కంగారుపడకండి. 1918 ఫిబ్రవరి దాకా రష్యా పాత పంచాంగం వాడింది, పందొమ్మిదో శతాబ్దపు తేదీలు యూరప్‌కన్నా పన్నెండు రోజులు వెనక ఉంటాయి. ఒనేగిన్ మొదటి ప్రదర్శన మార్చి 17 అన్నా 29 అన్నా ఒకటే.

వెతికేటప్పుడు పాట పేరుని రష్యన్ అక్షరాల్లోనే కాపీచేసి పెట్టండి. పాతతరం సోవియట్ గాయకుల రికార్డింగులు అలాగే బయటపడతాయి. ఒకే కవితకి నలుగురు సంగీతం కట్టి ఉంటారు కాబట్టి కవి పేరుతో బాటు సంగీతకారుడి పేరూ కలపండి.

తర్వాత ఏం వినాలంటే నేనిచ్చే జతలు ఇవి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ "తుమ్మెద పరుగు" వాయించని వయొలిన్ విద్యార్థి ఉండడు. అది పుష్కిన్ "జార్ సల్తాన్" కథలో తండ్రిని చూడటానికి తుమ్మెదగా మారి ఓడ వెంట ఎగిరిన రాకుమారుడి పాట అని తెలిసి వింటే వేగం కాదు, ఆత్రం వినిపిస్తుంది. షోస్తకోవిచ్ పదమూడో సింఫనీని యెవ్తుషెంకో కవితలు ముందుంచుకుని వినండి. 1962 డిసెంబరులో మొదటి ప్రదర్శన తర్వాత ఒత్తిడికి లొంగి కవి కొన్ని పంక్తులు మార్చాడు, రెండు పాఠాలూ సంపాదించి పోల్చండి. పద్నాలుగో సింఫనీలో పదకొండు కవితలుంటే రష్యన్ కవి ఒక్కడే, పుష్కిన్ సహాధ్యాయి క్యూహెల్‌బేకర్. 1825లో జార్ మీద జరిగిన డిసెంబరిస్టు తిరుగుబాటులో పాల్గొని జైలుపాలైనవాడు. ఆ ఒక్క పాటకీ షోస్తకోవిచ్ ఇచ్చిన వెచ్చదనం మిగతా పదింటిలో ఎక్కడా లేదు.

ఒక్క సాయంత్రంలో మొత్తం పద్ధతి పరీక్షించుకోవాలనుకుంటే "మోజార్ట్, సాలియేరి" తీసుకోండి. 1830లో పుష్కిన్ రాసిన చిన్న నాటకం, రెండే దృశ్యాలు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ దాదాపు మాట మార్చకుండా ఒపెరా చేశాడు, 1898లో మాస్కోలో షల్యాపిన్ సాలియేరిగా పాడాడు. గంటలోపే అయిపోతుంది. మాటలు మార్చలేదు కాబట్టి తేడా ఎక్కడా దొరకదనిపిస్తుంది. రెండో దృశ్యంలో సాలియేరి గ్లాసులో విషం కలుపుతాడు, మోజార్ట్ తాగి, నా రెక్వియెమ్ (చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థనాగానం) విను అంటూ పియానో దగ్గరికి వెళ్తాడు. అక్కడ పుష్కిన్ బ్రాకెట్లలో "వాయిస్తాడు" అని రాసి ఊరుకున్నాడు, కాగితం మీద అంతకన్నా ఏమీ చేయలేడు. అదే చోట రిమ్‌స్కీ-కోర్సకోవ్ తన సంగీతాన్ని పక్కన పెట్టి అసలు మోజార్ట్ రెక్వియెమ్‌నే వినిపిస్తాడు. పుస్తకం ఎదురుగా తెరిచి పెట్టుకుని, వేలు ఆ బ్రాకెట్ మీద ఉంచి వినండి.